కొత్త మెరుపా, పాత మన్నికా? మన పనులకు ఏ లాప్‌టాప్ కొనాలి



ఈ మధ్య గ్రూపులో వారం తిరిగేసరికి ఒకరిద్దరైనా అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, ఇరవై పాతిక వేలల్లో మంచి లాప్‌టాప్ ఏదన్నా ఉంటే చెప్పు." ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పేకన్నా అందరికీ కలిపి ఒకచోట రాద్దామని కూర్చున్నాం. పోస్టు పెద్దదే, ముందే చెబుతున్నాం. కానీ ఆ పాతిక వేలు మన ఇళ్లల్లో ఎట్లా పోగవుతాయో మాకు తెలుసు. తునికాకు డబ్బులు, పత్తి అమ్మితే మిగిలినవి, కాఫీ గింజలు, మిరియాలు, రెండు మేకలు, ఎప్పుడో పడే స్కాలర్‌షిప్. ఒకసారి తప్పు వస్తువు మీద పెడితే మళ్లీ అంత డబ్బు చేతికి రావడానికి రెండేళ్లు పడుతుంది. కాబట్టి ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తున్నాం. పాతిక వేల లోపు సొంత డబ్బు పెట్టి కొనేటట్టయితే, షోరూంలో మెరుస్తున్న కొత్త చవక లాప్‌టాప్ కన్నా, కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ లాప్‌టాప్‌ను బాగా పరీక్షించి కొనుక్కోవడం మేలు. ఎందుకు మేలో, ఎక్కడ మేలు కాదో, ఏం పరీక్షించాలో కింద రాస్తున్నాం.

అసలు మన పని ఏంటి?

"బిజినెస్ లాప్‌టాప్" అనగానే చాలామంది తమ్ముళ్లు "మనకేం బిజినెస్ ఉందన్నా" అంటున్నారు. ఆ పేరు చూసి భయపడకండి. ఆఫీసుల్లో రోజంతా టైపు చేసే వాళ్ల కోసం, ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయే వాళ్ల కోసం గట్టిగా తయారు చేసిన రకం అది, అంతే. మరి మన పనులు చూడండి.

పోటీ పరీక్షలకు చదవడం. తెలంగాణలో 2024 డీఎస్సీ, ఏపీలో 2025 మెగా డీఎస్సీ రెండూ కంప్యూటర్ మీదే జరిగాయి. రైల్వే, ఎస్సెస్సీ పరీక్షలు ఎప్పటినుంచో అంతే. పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పట్టుకున్న వాళ్లు మన ఊళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. ప్రశ్నకు జవాబు తెలిసి కూడా స్క్రీన్ తికమకతో టైం పోగొట్టుకోవడం ఎంత బాధో పడ్డవాళ్లకే తెలుసు. ఎస్సెస్సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌లో ఇంగ్లిష్ టైపింగ్ పరీక్షకు నిమిషానికి 35 పదాలు కొట్టాలి. అంటే గంటకు 10,500 సార్లు కీలు నొక్కే వేగం. ఫోన్ మీద బొటనవేలితో ఆ వేగం అలవాటు కాదు.

దరఖాస్తులు పెట్టుకోవడం. ఈపాస్, జ్ఞానభూమి, పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, యూనివర్సిటీ అడ్మిషన్లు. ఫొటో ఇన్ని కేబీలు ఉండాలి, సంతకం ఇన్ని కేబీలు ఉండాలి అంటారు. ఫోన్లో చేస్తూ చేస్తూ ఉంటే పేజీ మళ్లీ మొదటికి పోతుంది. నెట్ సెంటర్‌కు పోతే డబ్బు సంగతి అట్లుంచండి, మన ఆధార్, కుల సర్టిఫికెట్, మార్కుల మెమోలు, ఒక్కోసారి పాస్‌వర్డు కూడా ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. మన తర్వాత కూర్చున్నవాడు డౌన్‌లోడ్స్ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. సొంత లాప్‌టాప్ ఉండాలని మేం అనేదానికి ఇది పెద్ద కారణం.

ఊరి పనులు. అటవీ హక్కుల చట్టం 2006 కింద వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ, సామూహిక హక్కులకు ఫారం బి, సామూహిక అటవీ వనరుకు ఫారం సి. వీటితోపాటు గ్రామసభ తీర్మానాలు, సర్వే నంబర్ల జాబితా, పెద్దవాళ్ల వాంగ్మూలాలు. చేత్తో రాసిన ఒక్క కాపీ ఆఫీసులో ఇచ్చాక "కనిపించడం లేదు" అన్న మాట విననివాళ్లు మనలో తక్కువ. టైపు చేసి, స్కాన్ చేసి, రెండు చోట్ల దాచిపెట్టుకుంటే ఆ మాట అనడం అంత తేలిక కాదు. మహిళా సంఘాల లెక్కలు, వన్ ధన్ కేంద్రాల కొనుగోలు లెక్కలు కూడా ఎక్సెల్ లాంటి పట్టికలో వేస్తే ఎవరికి ఎంత రావాలో క్షణంలో తేలుతుంది.

భాష పని. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల ఊరి పేరుమీద పిలిచే గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందు ఏడాది మసరాం గోండి చేరింది. రెండింటికీ ఉచితంగా దొరికే నోటో ఫాంట్లు ఉన్నాయి. మన పాటలు, కథలు, పెద్దల మాటలు టైపు చేసి దాచుకోవాలంటే కంప్యూటర్ కావాల్సిందే.

ఇందులో ఒక్క పనికైనా భారీ గ్రాఫిక్స్ కావాలా? పలకంత సన్నగా ఉండాలా? అక్కర్లేదు. కావాల్సింది మంచి కీబోర్డు, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ, కళ్లు మండని స్క్రీన్, పాడైతే బాగుచేసుకునే వీలు. ఈ నాలుగిటితోనే ఏ లాప్‌టాప్‌నైనా తూచాలి.

కొత్త చవకదానితో వచ్చే చిక్కు

ఇరవై, పాతిక వేలకు దొరికే కొత్త లాప్‌టాప్‌లు ఒకసారి విప్పి చూస్తే "పైన పటారం లోన లొటారం" అన్న సామెత గుర్తొస్తుంది. అన్నీ అట్లా ఉంటాయని అనం. కానీ ఆ ధరలో చాలావాటిలో సెలరాన్ రకం ప్రాసెసర్ ఉంటుంది. ఉదాహరణకు సెలరాన్ ఎన్4020లో రెండే కోర్లు. ర్యామ్ 4 జీబీ ఉంటుంది, అదీ బోర్డుకు అతికించేసి ఉంటుంది. తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. ఇక స్టోరేజీ చాలాసార్లు ఈఎంఎంసీ, అంటే ఫోన్లలో వాడే తరహా మెమరీ. 64 జీబీ ఉన్నవి కూడా అమ్ముతున్నారు. విండోస్ 11 కనీసంగా అడిగేదే 64 జీబీ. కొన్న కొన్ని నెలలకే అప్‌డేట్‌కు చోటు చాలక ఆగిపోతుంది. అప్పుడు ఈఎంఎంసీ మార్చేద్దామంటే అది కూడా బోర్డుకే అతికి ఉంటుంది.

అంటే ఆ లాప్‌టాప్ కొన్న రోజు ఎట్లా ఉందో, దాని జన్మకు అంతే. పెరగదు. పాడైతే బోర్డు మొత్తం మార్చాలి, బోర్డు ధర వింటే కొత్తది కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది. ఏడాది వారంటీ ఉంటుంది, నిజమే. కానీ సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలోనో, హైదరాబాద్, విశాఖలోనో ఉంటుంది. బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి, మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో ప్రయాణం కూడా లెక్కలో వేయండి.

మేం వాడి చూసింది

మా స్టడీ రూం కోసం ఏడుగురం తలా కొంత వేసుకుని లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 అనే మోడల్ రీఫర్బిష్డ్‌ది తెచ్చుకున్నాం. రీఫర్బిష్డ్ అంటే పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడుకుని, చాలాసార్లు లీజుకు తీసుకుని, తిరిగి ఇచ్చేసినవి. షాపులవాళ్లు వాటిని శుభ్రం చేసి, పాడైన భాగాలు మార్చి అమ్ముతారు. మాకు లాప్‌టాప్ 19,500, వెనక బ్యాటరీ కొత్తది 2,800, మొత్తం 22,300 అయింది. పద్నాలుగు నెలలుగా రోజుకు ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి వాడుతున్నారు. అందుకని దీని గురించే ధైర్యంగా చెప్పగలం. డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా ఇదే కాలానికి చెందిన, ఇదే తరగతి లాప్‌టాప్‌లు. ఏది మంచి స్థితిలో దొరికితే అది చూడండి. పేరు మీద మోజు వద్దు.

టీ480 వచ్చింది 2018లో. ఇంటెల్ 8వ తరం ఐ5 ప్రాసెసర్, నాలుగు కోర్లు. పాతదే. కానీ దరఖాస్తులు, పీడీఎఫ్‌లు, టైపింగ్, ఆన్‌లైన్ క్లాసు, పది ట్యాబులు తెరిచిన బ్రౌజర్, వీటికి ఎక్కడా ఆగలేదు. ర్యామ్ పెట్టడానికి రెండు స్లాట్లు ఉన్నాయి. మేం తెచ్చినప్పుడు 8 జీబీ ఉంది. ఒక తమ్ముడు ఇంకో 8 జీబీ ముక్క తెచ్చి తానే పెట్టాడు. ఎస్‌ఎస్‌డీ కూడా విప్పి మార్చుకునేదే.

మాకు అన్నిటికన్నా నచ్చింది బ్యాటరీ ఏర్పాటు. దీనికి రెండు బ్యాటరీలు. లోపల ఒకటి, 24 వాట్ అవర్లది. వెనక గొళ్లెం జరిపితే ఊడొచ్చేది ఇంకొకటి, అది 24, 48, 72 మూడు సైజుల్లో ఉంటుంది. లాప్‌టాప్ ఆపకుండానే వెనకది తీసి చార్జ్ ఉన్న ఇంకొకటి పెట్టుకోవచ్చు, ఆ కాసేపు లోపలిది నడిపిస్తుంది. మా దానిలో లోపలిది అరిగిపోయి 24కు 17 మిగిలింది. వెనక 48ది కొత్తది వేశాం. రెండూ కలిసి టైపింగ్, చదువు పనికి ఇంచుమించు ఆరు గంటలు వస్తున్నాయి. గాలివాన పడితే రెండు రోజులు కరెంటు రాని ఊళ్లు మనవి. ఇంకో వెనక బ్యాటరీని ముందే చార్జ్ చేసి ఉంచుకుంటే పని ఆగదు. కొత్త సన్నటి లాప్‌టాప్‌లలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది కాబట్టి ఈ సౌకర్యం ఉండదు.

యూఎస్‌బీ-సీ చార్జింగ్ కాబట్టి దాని చార్జర్ పోయినా దిగులు లేదు. 65 వాట్ల పీడీ చార్జర్ ఏ మంచి కంపెనీదైనా పనిచేస్తుంది.

కీబోర్డు గురించి ఒక మాట. కీలు లోతుగా దిగుతాయి, వేలికి తెలుస్తుంది. టైపింగ్ పరీక్షకు తయారయ్యేవాళ్లు దీని మీద నెల రోజులు కొడితే తేడా వాళ్లకే అర్థమవుతుంది. కాసిన్ని నీళ్లు ఒలికినా కిందికి జారిపోయేలా దారి ఉంది. కీబోర్డు పాడైతే ఒక్క కీబోర్డే తీసి మార్చుకోవచ్చు. ఏ మర ఎక్కడ ఉంది, ఏ భాగం ముందు తీయాలి అని బొమ్మలతో చెప్పే మెయింటెనెన్స్ మాన్యువల్‌ను కంపెనీయే ఉచితంగా ఇస్తోంది. మన మండలంలో ఫోన్లు బాగుచేసే కుర్రాడు కూడా దాన్ని చూసుకుంటూ పని కానిచ్చేస్తాడు. మన్నిక అని మేం అంటున్నది దీన్నే. ఏ వస్తువైనా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. పాడైనా మన చుట్టుపక్కల చేతులతోనే బాగుపడాలి.

తెలుగు టైపింగ్‌కు విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు రెండూ ఉన్నాయి. విడిగా ఏమీ కొనక్కర్లేదు. ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్ ఉచితం. దొంగ ఎంఎస్ ఆఫీస్ వేసి ఇస్తామనే వాళ్లను నమ్మకండి. ఆ "క్రాక్" ఫైళ్లతో పాటే వైరస్‌లు వస్తాయి, మన పాస్‌వర్డులు పోతాయి.

బాగోలేనివి కూడా చెప్పాలి

స్క్రీన్ వెలుగు తక్కువ. అరుగు మీద ఎండ పొడలో కూర్చుంటే సరిగా కనిపించదు. అందులోనూ రకాలు ఉన్నాయి. 1366x768 రకం చాలా పేలవంగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి. 1920x1080 ఐపీఎస్ రకమే తీసుకోండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు, కళ్లు మనవి.

కెమెరా నాసిరకం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు ముఖం మసకగా వస్తుంది, ఎదురుగా వెలుతురు పెట్టుకోవాలి. స్పీకర్ల శబ్దం సన్నం. బరువు కిలోన్నర పైనే.

యూఎస్‌బీ-సీ చార్జింగ్ రంధ్రం బోర్డుకే అతికి ఉంటుంది. వైరు లాగినట్టు, వంచినట్టు వాడితే అది ఊగిపోతుంది, బాగుచేయించడం ఖర్చు. ఇంకో సంగతి, ఆ కాలం థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ లోపం ఒకటి ఉండేది. దానివల్ల ఆ పోర్టు పనిచేయకుండా పోవచ్చు. కంపెనీ తర్వాత సరిచేసే అప్‌డేట్ ఇచ్చింది. కొన్నవెంటనే లెనోవో సైటు నుంచి ఆ అప్‌డేట్ వేయాలి. తప్పనిసరి.

సంతలో ఎద్దును చూసినట్టు చూడండి

సంతలో ఎద్దును కొనేటప్పుడు మన పెద్దవాళ్లు కొమ్ములకు పూసిన రంగు చూసి డబ్బులివ్వరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు, గిట్టలు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు, వీలైతే కాడి కట్టి చూస్తారు. పాత లాప్‌టాప్ కూడా అంతే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ జిల్లా కేంద్రంలో కొన్నా, ఈ ఆరు చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఒకటి, తరం. ఐ5 తర్వాత వచ్చే నంబరు 8తో మొదలవ్వాలి, 8250యూ, 8350యూ లాగ. టీ470 చూడటానికి అచ్చం టీ480 లాగే ఉంటుంది, కానీ దాన్లో 6వ, 7వ తరం ప్రాసెసర్లు. వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అట్లాగే టీ480ఎస్ అని చివర ఎస్ ఉన్నది వేరే మోడల్. దానికి వెనక ఊడే బ్యాటరీ ఉండదు, ర్యామ్‌లో కొంత అతికించి ఉంటుంది.

రెండు, బయాస్ తాళం. ఆన్ చేస్తూ ఎంటర్ కొట్టి, ఎఫ్1 నొక్కితే బయాస్ తెరుచుకుంటుంది. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే ఆ లాప్‌టాప్ వద్దు. థింక్‌ప్యాడ్‌లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే బోర్డు మార్చాలని కంపెనీయే చెబుతుంది. "తర్వాత తీసిస్తాం అన్నా" అనే మాట నమ్మొద్దు.

మూడు, పాత కంపెనీ తాళం. విండోస్‌ను రీసెట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, మొదటి సెటప్ మీ ముందే చేయించండి. అక్కడ ఏదో కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ ఈమెయిల్ అడిగితే, అది ఇంకా వాళ్ల లెక్కలోనే ఉన్నట్టు. వదిలేయండి. సెటప్ అయ్యాక సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయిందో లేదో కూడా చూడండి.

నాలుగు, బ్యాటరీ ప్రాణం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక రిపోర్టు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ చార్జ్ కెపాసిటీ ఎంత అని ఉంటుంది. సగానికి పడిపోతే ధర తగ్గించమని అడగండి, లేదా కొత్తది వేయించుకోండి. లోపలి బ్యాటరీ ఉబ్బిందేమో అడుగుభాగం చేత్తో తడిమి చూడండి.

ఐదు, కాడి కట్టి చూడటం. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి. తెల్ల పేజీ తెరిచి స్క్రీన్‌లో మచ్చలు, గీతలు చూడండి. మూత నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉంటే బొమ్మ వణక్కూడదు. ప్రతి యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టండి. చార్జర్ పెట్టి వైరును కొద్దిగా కదపండి, చార్జింగ్ ఆగకూడదు. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. అరగంట యూట్యూబ్ నడపండి, ఆగిపోతే అక్కడే తెలిసిపోతుంది.

ఆరు, బిల్లు. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు కావాలి. లాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, బయాస్‌లో ఉన్న నంబరు, బిల్లులో నంబరు మూడూ ఒకటే ఉండాలి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. అది దొంగ సొత్తు అయితే వెయ్యి కాదు, మన పేరు పోతుంది. వారంటీ ఎన్ని నెలలో, ఏయే భాగాలకో బిల్లు మీదే రాయించుకోండి.

ఇవన్నీ చేయనివ్వని షాపులో కొనక్కర్లేదు. పక్కనే ఇంకో షాపు ఉంటుంది.

"మనమెప్పుడూ పాతవే వాడాలా?"

ఈ మాట ఒక చెల్లె అడిగింది. మేం కాసేపు మాట్లాడలేకపోయాం. హాస్టల్లో పాత మంచాలు, బడిలో ముందువాళ్లు వాడిన పుస్తకాలు, ఇప్పుడు లాప్‌టాప్ కూడా పట్నంవాళ్లు వాడి పారేసిందేనా అని ఆ పిల్ల బాధ. న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటేసి ముందుకు పోకూడదు.

మా ఆలోచన ఇది. ప్రభుత్వం ఇచ్చేది వేరు, మన జేబులోంచి కొనేది వేరు. ఐటీడీఏ ఇచ్చినా, గురుకులం ఇచ్చినా, ఏకలవ్య బడి ఇచ్చినా, అక్కడ మనం కొత్తదే అడగాలి. అదీ ఈ బిజినెస్ తరగతి కొత్తదే అడగాలి. "ఉచితంగా ఇస్తున్నాం కదా, ఏదైనా తీసుకో" అంటే ఒప్పుకోకూడదు. టెండరులో ఏముండాలో కూడా అడగగలిగేలా ఉండాలి. ర్యామ్ పెంచుకునే స్లాటు ఉండాలి. ఎస్‌ఎస్‌డీ మార్చుకునేలా ఉండాలి. మూడేళ్ల వారంటీ, అదీ ఐటీడీఏ కేంద్రానికే మెకానిక్ వచ్చి చేసేది ఉండాలి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఎక్కడి పిల్లలు అక్కడే బాగుచేయించుకోగలగాలి. అతికించిన 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లు పంచి, ఫొటోలు దిగి, రెండేళ్లకు అవి బీరువాలో మూలుగుతుంటే ఆ డబ్బు మన పేరు మీదే ఖర్చు రాస్తారు. ఈ నాలుగు నిబంధనలు మన సంఘాలు ఇచ్చే వినతి పత్రాల్లో చేరాలి.

కానీ మన సొంత పాతిక వేల దగ్గరికి వచ్చేసరికి గౌరవం కొత్త డబ్బాలో లేదు. మూడేళ్ల తర్వాత కూడా మన పని మనం చేసుకోగలగడంలో ఉంది. అడుగున 4 జీబీ అతికించిన కొత్తదాన్ని మనకు అంటగట్టడం కూడా చిన్నచూపే. అది "కొత్తది" అనే పేరుతో వస్తుంది కాబట్టి కనిపించదు.

ఎవరు కొనకూడదు

అందరికీ ఇదే మందు అని మేం అనం. సివిల్, మెకానికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇది చాలదు. వాళ్లు కాలేజీ ల్యాబు వాడుకుంటూ కొంత కూడబెట్టి గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోవడం మంచిది. బాగుచేసేవాళ్లు చుట్టుపక్కల అసలు లేనివాళ్లకు, ఒక్కరోజు కూడా లాప్‌టాప్ లేకుండా గడవని ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కంపెనీ వారంటీ ఉన్న కొత్తదే నయం, కానీ అప్పుడు బడ్జెట్ నలభై వేలు దాటుతుంది. వడ్డీకి తెచ్చి మాత్రం కొత్తదైనా పాతదైనా కొనొద్దు. ఐదారుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. మేం చేసింది అదే. ఎవరు ఎప్పుడు వాడాలో గోడ మీద పట్టిక రాసుకున్నాం. ఒక్కొక్కరికి విండోస్‌లో వేరే వేరే అకౌంటు పెట్టుకున్నాం, ఒకరి సర్టిఫికెట్లు ఇంకొకరికి కనిపించవు. హాట్‌స్పాట్‌ను "మీటర్డ్ కనెక్షన్"గా పెట్టాం, లేకపోతే ఒక్క అప్‌డేట్‌కే ఆ రోజు డేటా అంతా అయిపోయేది. నెలకు తలా యాభై రూపాయలు పక్కన పెడుతున్నాం. బ్యాటరీకో, చార్జర్‌కో అక్కరకొస్తుంది.

కొనేవాళ్లకు చివరిగా ఒకటే చెబుతున్నాం. చేతిలో ఉన్న డబ్బంతా లాప్‌టాప్‌కే పెట్టకండి. ఇరవై రెండు వేలుంటే పంతొమ్మిదికి చూడండి, మూడు వేలు బ్యాటరీకి, ర్యామ్‌కు ఉంచుకోండి. షాపుకు ఒంటరిగా పోకండి. మోడల్ పేరు, ప్రాసెసర్ నంబరు, చెప్పిన ధర, అడుగుభాగం ఫొటో గ్రూపులో పెట్టండి. హైదరాబాద్, వరంగల్, విశాఖలో చదువుకుంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరో ఒకరు తోడు వస్తారు. కొన్నాక ఎట్లా నడుస్తోందో ఆరు నెలలకు ఒకసారి రాయండి. మంచైనా రాయండి, చెడైనా రాయండి. వెనకాల వచ్చే తమ్ముడో చెల్లెనో అది చదివి, వాళ్ల అమ్మ మేకలు అమ్మిన డబ్బును ఒకటికి రెండుసార్లు చూసి ఖర్చు పెడతారు.

జోహార్.